టెంపుల్ చర్చికి వెళ్లినప్పుడు

చిట్టితల్లీ,

లండన్‌లోని టెంపుల్ చర్చి మా కాలేజీ నుంచి నడిచేంత దూరమే నాన్నా అని నిన్న ఫోన్‌లో అన్నావు కదా, అప్పట్నుంచి నా మనసంతా అక్కడే ఉంది. లోపల నేలమీద రాతి వీరులు పడుకుని ఉంటారు, అందులో ఒకాయన విలియం మార్షల్, ఎనిమిది వందల ఏళ్లకి పూర్వం ఇంగ్లండ్‌లో పేరుమోసిన వీరుడు. 1941లో బాంబులు పడి ఆ బొమ్మలు బాగా దెబ్బతిన్నాయి. నాకోసం ఆయన దగ్గర ఓ ఐదు నిమిషాలు నిలబడు తల్లీ.

1152లో ఆయనకి ఐదారేళ్లు. వీళ్ల నాన్న జాన్ చేతిలో ఉన్న న్యూబరీ కోటని ఇంగ్లండ్ రాజు స్టీఫెన్ ముట్టడించాడు, ఆ నాన్న కాస్త గడువు అడిగి, ఈ పిల్లాడిని రాజు దగ్గర తాకట్టు పెట్టి, ఆ గడువులోనే కోటలోకి సైనికుల్నీ తిండిగింజల్నీ చేర్చేసుకున్నాడు. నీ కొడుకుని ఉరి తీస్తాం అని కబురు పంపితే, సుత్తీ దాగలీ నా దగ్గరే ఉన్నాయి, ఇంతకంటే మంచి కొడుకుల్ని తయారు చేసుకుంటా అన్నాడట. ఒక తండ్రి నోటివెంట ఆ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ మింగుడు పడదు. పిల్లాడికేమో ఏం తెలుసు, ఉరికి తీసుకెళ్తుంటే దారిలో ఒక దొర చేతిలో ఈటె చూసి అది నాకిస్తావా అని అడిగాడట. రాజు మనసు కరిగిపోయి, ఎత్తుకుని వెనక్కి తెచ్చేసుకున్నాడు.

తర్వాత టోర్నమెంట్లలో, అంటే వీరులు గుర్రాలెక్కి తలపడే పోటీల్లో, గెలిచి పేరు తెచ్చుకున్నాడు, 1189లో ఇసబెల్ డి క్లేర్‌ని పెళ్లి చేసుకున్నాడు, పదిమంది పిల్లలు, పెంబ్రోక్ ఎర్ల్, అంటే పెద్ద ప్రభువు, అయ్యాడు. ఇంత చూసిన మనిషి కూడా తర్వాతి కాలపు రాజు, ఇంకో జాన్, అడిగితే తన ఇద్దరు పెద్దకొడుకుల్ని తాకట్టు ఇచ్చాడు తల్లీ! కాదంటే తిరుగుబాటు చేసినట్టే కాబట్టి ఇచ్చాడని సర్దిచెప్పుకుంటా గానీ మనసు ఒప్పుకోదు.

అదే మనిషి 1216లో జాన్ రాజు చనిపోయాక, డెబ్బైకి దగ్గర పడిన వయసులో, ఆ రాజు కొడుకు తొమ్మిదేళ్ల హెన్రీ బాధ్యత తీసుకున్నాడు. అందరూ వదిలేసినా వీడిని భుజాలమీద ఎక్కించుకుని, అడుక్కుతినైనా సరే, దేశదేశాలు తిప్పుతా అన్నాడు. అది చదివినప్పుడు నాకు ఆ ఈటె అడిగిన పిల్లాడే గుర్తొచ్చాడు.

1219లో కావర్షమ్ అనే ఊళ్లో చివరి రోజుల్లో మంచంలో ఉన్నప్పుడు పాట వినాలనిపించి కూతుళ్లని పిలిపించుకున్నాడు. చిన్నది జోన్‌కి ఇంకా పెళ్లి కాలేదు, ఆ బెంగ ఆయనకి చాలా ఉండేది. అది బెరుగ్గా పాడుతుంటే, సిగ్గుపడకు, సిగ్గుపడితే పాట బాగా రాదు అని చెప్పి, ఆ ఓపికలేని గొంతుతోనే ఎలా పాడాలో చూపించాడట. ఇక్కడికొచ్చేసరికి నేను పుస్తకం మూసేసి కాసేపు బయట కూర్చున్నా.

ఆయన పెద్దకొడుకుని కూడా ఆ చర్చిలోనే సమాధి చేశారు, తాకట్టు ఇచ్చాడన్నానే, వాడే. తండ్రికీ కొడుక్కీ మధ్య ఎంత దూరం ఉందో చూసి చెప్పమ్మా, ఫోటోల్లో నాకు సరిగ్గా తెలియట్లేదు.

నాన్న