12వ వీధి చొక్కాల కొట్టు

తెనాలి

చిరంజీవి బాబీకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నువ్వు ఫోన్ చేసి మూడు వారాలు దాటింది. పని ఎక్కువై ఉంటుందని మీ అమ్మకు చెబుతున్నాను. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పంపిస్తావు, అది జవాబు కాదురా. అందుకే కాగితం మీద రాసి, శ్రీను చేత ఫోటో తీయించి పంపిస్తున్నాను.

మొన్న శారద కూతురి పెళ్లిలో సూరిబాబు కలిశాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు కదా. మీ కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారట అన్నాడు. నేను పట్టించుకోలేదు.

పొద్దుపోక మళ్లీ అమెరికా అధ్యక్షుల మీద పడ్డాను. నువ్వుండే కాన్సాస్ సిటీ పక్కనే ఇండిపెండెన్స్. హ్యారీ ట్రూమన్ ఇల్లు, ఆయన లైబ్రరీ అక్కడే. నాలుగేళ్లుగా ఉంటున్నావు, ఒక్కసారైనా వెళ్లావా? లాస్‌వేగాస్‌కు మాత్రం రెండుసార్లు వెళ్లొచ్చావు.

ఆయనకు డిగ్రీ లేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చి 1919 జూన్‌లో పెళ్లి చేసుకున్నాడు. కాపురం అత్తగారింట్లోనే, ఇల్లరికమే అనుకో. అధ్యక్ష పదవి దిగాక కూడా మళ్లీ ఆ ఇంటికే చేరాడు. పెళ్లయిన ఏడాదే నవంబరులో, మిలిటరీ స్నేహితుడు ఎడ్డీ జాకబ్సన్‌తో కలిసి మీ కాన్సాస్ సిటీ 12వ వీధిలో మగవాళ్ల చొక్కాలు, టైలు, టోపీల కొట్టు తెరిచాడు. ఎదురుగా పెద్ద హోటలు. మొదట్లో పట్టు చొక్కాలు బాగా పోయాయి. తర్వాత గోధుమ ధర పడింది. రైతు చేతిలో డబ్బాడకపోతే బజారు ఏమవుతుందో తెనాలి వాళ్లకు వేరే చెప్పాలా? ఎక్కువ ధరకు కొన్న సరుకంతా అలాగే ఉండిపోయింది. 1922లో కొట్టు మూసేశారు. జాకబ్సన్ కొన్నాళ్లకు దివాలా తీశాడు. ఈయన మాత్రం దివాలాకు ఒప్పుకోక, పదేళ్లకు పైగా అప్పులు తీరుస్తూనే ఉన్నాడు. అత్తగారు అల్లుణ్ణి ఎప్పుడూ మెచ్చుకున్నది లేదట, అది వేరే కథ. కొట్టు పోయిన ఏడాదే జాక్సన్ కౌంటీలో ఎన్నికలకు నిలబడి గెలిచాడు.

కొట్టు మూసినప్పుడు ఆయనకు 38 ఏళ్లు. నీకింకా 36.

లెక్చరు ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చాను. అయినా ఒక్కటి చెబుతాను. ఉద్యోగం పోవడమంటే తప్పు చేయడం కాదు. నీది పోయిందని అనడం లేదు.

ఆయన్ని దేవుణ్ణి చేస్తున్నాననుకోకు. హిరోషిమా మీద అణుబాంబు వేయించినందుకు నేనెప్పుడూ క్షమించలేదు. సైన్యంలో తెల్లవాళ్లు, నల్లవాళ్లు అనే తేడా ఉండకూడదని 1948లో ఆర్డరు వేసిందీ ఆయనే. పరీక్షలో ఈ రెండూ రాసిన పిల్లాడికే పూర్తి మార్కులు వేసేవాణ్ణి.

అసలు చెప్పాలనుకున్నది ఇంకొకటి. 1945 ఏప్రిల్ 12న ఆయన ఉపాధ్యక్షుడు. సెనేట్‌లో ఎవరో సభ్యుడు సాగదీసి మాట్లాడుతుంటే, పైన కుర్చీలో కూర్చునే వాళ్లమ్మకూ చెల్లెలికీ ఉత్తరం రాశాడు, రేపు రాత్రి రేడియో పెట్టుకోండి, నా మాటలు వస్తాయి అని. ఆ సాయంత్రమే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పోయాడని తెలిసింది. ఏడు దాటాక ఈయన అధ్యక్షుడయ్యాడు. అంతటివాడికి అమ్మకు నాలుగు ముక్కలు రాయడానికి తీరిక దొరికింది మరి.

ఉద్యోగం పోతే హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజులే గడువని శ్రీను ఫోన్‌లో చూసి చెప్పాడు. ఊరికే, జనరల్ నాలెడ్జికి అడిగాను.

ట్రూమన్ 1953లో దిగిపోయేనాటికి మాజీ అధ్యక్షులకు పెన్షనే లేదు. 1958లో గానీ చట్టం రాలేదు. ఆ లెక్కన నేనే నయం, నెలనెలా కొంత మిగులుతోంది కూడా. పోస్టాఫీసు డిపాజిట్టు శ్రావణంలో చేతికొస్తుంది. దాన్ని దేనికీ అనుకోలేదు.

స్వాతి నడుం నొప్పి తగ్గిందా? బుజ్జిదానికి పాలు మాన్పించొద్దు. నువ్వు పొద్దున టిఫిన్ మానేసి కాఫీల మీద బతకొద్దు. కందిపొడి, గోంగూర పచ్చడి సిద్ధంగా ఉన్నాయి, డాలస్ పిల్ల వచ్చే వారం బయల్దేరుతోంది. పంపేదా?

మీ అమ్మ సాయంత్రం ఆరింటికి గుడికి వెళ్తుంది. అప్పుడు మీకు పొద్దున ఏడున్నర. ఆ గంటసేపూ ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటాను.

నాన్న