సరిహద్దు దాటి బండి కొంటున్నారా? ముందు ఎన్‌ఓసీ, తరవాతే డబ్బు

సంపాదకులు గారికి నమస్కారం.

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు తెలుగువాళ్లు సెకండ్‌హ్యాండ్ కారు గానీ మోటారు సైకిలు గానీ కొనాలంటే ముందు చూసేది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నాలనే. అక్కడ బండ్లు ఎక్కువ, బేరానికి వీలు ఎక్కువ, మాట తెలుగులో నడుస్తుంది. బండి మంచిదే దొరుకుతుంది. చిక్కంతా కాగితాల దగ్గర. "ఇప్పుడంతా ఆన్‌లైనే కదండీ, పది రోజుల్లో మీ పేరు మీదికి వచ్చేస్తుంది" అని కార్ కన్సల్టెన్సీలో చెప్పే మాట ఒకే రాష్ట్రంలో అమ్మకానికి సరిపోవచ్చు. రాష్ట్రం దాటే బండికి సరిపోదు. ఈ సంగతి కొనేవాళ్లకి డబ్బు ఇవ్వకముందే తెలియాలని ఈ ఉత్తరం.

రాష్ట్రం దాటే బండికి పని రెండు ముక్కలు. మొదటిది అమ్మేవాడిది: బండి రిజిస్టరైన ఆఫీసులో ఫారం 28 పెట్టి ఎన్‌ఓసీ, అంటే బండి వేరే రాష్ట్రానికి వెళ్లడానికి అభ్యంతరం లేదన్న పత్రం, తీసుకోవాలి. రెండోది కొన్నవాడిది: ఆ ఎన్‌ఓసీ, అమ్మినట్టు ఫారం 29, కొన్నట్టు ఫారం 30, కొత్త నంబరు కోసం ఫారం 27 పట్టుకుని మన ఆర్‌టీఓ ఆఫీసుకి వెళ్లాలి. మొదటిది తేలందే రెండోది మొదలవదు. కాబట్టి బేరం కుదిరాక బయానా మాత్రం ఇవ్వండి. పెద్ద మొత్తం ఎన్‌ఓసీ మంజూరైనట్టు ఆన్‌లైన్‌లో మీరు స్వయంగా చూశాకే ఇవ్వండి. డబ్బంతా ముట్టాక మీ కోసం ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు అరుదు.

ఎక్కువ మంది ఆగిపోయేది ఓటీపీ దగ్గర. రవాణా శాఖ సైటు పరివాహన్‌లో దరఖాస్తు వేస్తే ఓటీపీ వెళ్లేది సి-బుక్కు (రిజిస్ట్రేషన్ పత్రం) ఎవరి పేరున ఉందో ఆయన నంబరుకి. ఆ నంబరు బండి కొత్తగా కొన్న రోజున షోరూంలో రాసిచ్చినది. చాలా బండ్లకి అది యజమాని నంబరే కాదు. షోరూం కుర్రాడిదో, ఫైనాన్స్ ఏజెంటుదో అయి ఉంటుంది. యజమానిదే అయినా, రీచార్జి ఆపేసి వదిలేసిన నంబరు కొన్ని నెలలకి ఇంకెవరికో వెళ్లిపోతుంది. బేరం మాట్లాడే రోజునే యజమానిని ఎదురుగా కూర్చోబెట్టి, బండి నంబరూ ఛాసిస్ నంబరులో చివరి 5 అంకెలూ కొట్టి ఓటీపీ పంపించి చూడండి. ఆయన జేబులో ఫోను మోగితే సరే. మోగకపోతే ముందు మొబైల్ నంబరు మార్పించాలి. దానికి ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, రిజిస్ట్రేషన్ తేదీ, అది ఎప్పటిదాకా చెల్లుతుందో ఆ తేదీ కావాలి. అన్నీ సి-బుక్కులోనే ఉంటాయి.

బండి అప్పటికే రెండు మూడు చేతులు మారి, మొదటి యజమాని సంతకం పెట్టిన ఖాళీ 29, 30 ఫారాలతో మీ దాకా వచ్చిందంటే, ఆ మొదటి మనిషి ఫోనులో దొరికి, ఓటీపీ చెప్పడానికి ఒప్పుకుంటేనే ముందుకెళ్లండి. లేకపోతే ఎంత చౌకైనా వదిలేయండి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకి రవాణా శాఖ అధికార పత్రం ఉండాలన్న నిబంధన వచ్చింది. యజమాని బండిని డీలరుకి అప్పగించినప్పుడు ఫారం 29సీ ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. అప్పటినుంచి ఆ బండికి బాధ్యుడు డీలరే. కన్సల్టెన్సీకి వెళ్లినప్పుడు ఆ పత్రమూ, 29సీ రసీదూ చూపించమని అడగండి. అడగడం మన హక్కు.

ఎన్‌ఓసీ ఇచ్చేముందు ఆఫీసువాళ్లు చూసేవి ముఖ్యంగా రెండు: దొంగతనం కేసు లేదని పోలీసు రికార్డు, ప్రభుత్వానికి పన్ను బాకీ లేదని లెక్క. మోటారు వాహనాల చట్టం 48వ సెక్షన్ ప్రకారం 30 రోజుల్లోగా ఇవ్వడమో, కారణం చెప్పి కాదనడమో చేయాలి. రెండూ చేయకపోతే ఇచ్చినట్టే లెక్క. ఈ గడువు చాలామందికి తెలియదు. దరఖాస్తు రసీదు దాచుకుంటే అడిగే ఆధారం ఉంటుంది.

ఫైనాన్స్ మీద కొన్న బండి అయితే ఇంకో మెట్టు ఉంది. అప్పు తీరిపోయినా సి-బుక్కులో బ్యాంకు పేరు దానంతట అది పోదు. బ్యాంకు ఇచ్చే లేఖ, ఫారం 35 కలిపి పెట్టి హైపోథికేషన్ (బండి మీద బ్యాంకు తాకట్టు నమోదు) తీయించుకోవాలి. ఆ లేఖలు సాధారణంగా మూణ్ణెల్లే చెల్లుతాయి. అప్పు తీర్చి ఏడాది గడిచిన బండికి మళ్లీ కొత్త లేఖ తెచ్చుకోవాల్సిందే. చలానాలు మాత్రం రెండు చోట్ల చూడాలి. పరివాహన్ ఈ-చలానా పేజీలో సున్నా చూపించిన బండికి ఆంధ్ర పోలీసుల సొంత ఈ-చలానా సైటులో బాకీలు కనబడవచ్చు. తెలంగాణ నంబరు బండి అయితే అక్కడి పోలీసుల సైటు కూడా చూడండి.

పేర్ల సంగతి కొంచెం వివరంగా రాయాలి. సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ల దరఖాస్తుల్లో ఇంతగా అడ్డం పడేది ఇంకొకటి లేదు. మన ఇంటిపేరు ముందు వస్తుంది, ఒడియా పద్ధతిలో చివర వస్తుంది. ఆధార్‌లో పొడి అక్షరంతో "కె. అప్పలరాజు" అని ఉంటుంది, పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డ్రైవింగ్ లైసెన్సులో "అప్పల రాజు" అని మధ్యలో ఖాళీ వస్తుంది. లక్ష్మి పేరుని ఆంధ్రలో కె, ఎస్, హెచ్ వేసి రాస్తే, ఇక్కడ ఎక్స్ వేసి రాస్తారు. చదివే మనిషికి అన్నీ ఒకటే. కంప్యూటరుకి అక్షరం తేడా వచ్చినా ఇద్దరు మనుషులే. ఆధార్ ఓటీపీతో ఇంట్లో కూర్చుని పూర్తయ్యే పని పేరు కలవక ఆఫీసు గుమ్మం దాకా వస్తుంది. అందుకని ఫారం 29, 30లో గానీ, అమ్మకం కాగితంలో గానీ, కొత్త ఇన్సూరెన్సులో గానీ పేరు ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే, ఖాళీతో సహా రాయించండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. తొందరపడి దాన్నే దిద్దించకండి. మిగతా కాగితాలని దానికి సరిపెట్టడం మంచిది. ఆధార్‌లో ఉన్నవి పొడి అక్షరాలే అయితే మాత్రం, ఒకే మార్పులో ఇంటిపేరు పూర్తిగా రాయించుకుని, ఆ తరవాత పాన్, లైసెన్సు, బ్యాంకు వరసగా మార్చుకోవాలి.

అంకెల తేడా ఇంకో రకం. ఆంధ్రలో రవాణా శాఖ చాలా ఏళ్లు సొంత సాఫ్ట్‌వేర్ వాడింది. ఆ కాలపు బండి అయితే ఆన్‌లైన్‌లో కనబడే ఛాసిస్ నంబరుని బండి మీద కొట్టిన నంబరుతో ఒక్కొక్క అక్షరం పోల్చి చూడాలి. ఇప్పటి బండ్లకి ఛాసిస్ నంబరు 17 అక్షరాలు, అంకెలు కలిపి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు. గుండ్రంగా కనబడితే అది సున్నా, నిలువు గీతలా ఉంటే ఒకటి. సి-బుక్కులో ఓ అని పడి ఉంటే పాత ఆఫీసులోనే సరిచేయించుకోవాలి. ఎన్‌ఓసీ తీసుకుని ఇటు వచ్చాక దిద్దించడం చాలా కష్టం.

ఫారం మీద ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు అడుగుతారు. సముద్రం పక్క ఊళ్ల బండ్లకి ఉప్పు గాలికి ఆ చోటు తుప్పు పట్టి అంకెలు మూసుకుపోతాయి. మోటారు సైకిలుకి హ్యాండిల్ కింద మెడ దగ్గర, కారుకి మోడలుని బట్టి ముందు సీటు కింద మూతలోనో, ఇంజను వెనక రేకు మీదో ఉంటుంది. కిరోసిన్ తడిపిన గుడ్డతో నెమ్మదిగా తుడవండి. గరుకు కాగితం, ఇనప బ్రష్షు పెట్టి రుద్దకండి. గీతలు పడితే నంబరు దిద్దారన్న అనుమానం వస్తుంది, బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడు. పల్చటి కాగితం అంకెల మీద కదలకుండా అతికించి మెత్తటి పెన్సిలుతో అడ్డంగా రుద్దితే చాలు. అంకెలు బొత్తిగా కనబడని బండి కొనవద్దు. అవి మళ్లీ కొట్టించాలంటే ఆఫీసు అనుమతి కావాలి, అదీ అమ్మేవాడి రాష్ట్రంలోనే.

ఎన్‌ఓసీలో ఏ ఆర్‌టీఓకి అన్నది సరిగ్గా ఎంచుకోవాలి. మనది గజపతి, ఓడీ 20. గుణుపురం, రాయగడ వాళ్లది ఓడీ 18. జాబితాలో గంజాం, గజపతి పక్కపక్కనే ఉంటాయి, తొందరలో గంజాం నొక్కేస్తారు. అప్పుడు ఆ ఎన్‌ఓసీని రద్దు చేయించి మళ్లీ మొదటినుంచి రావాలి.

ఇక్కడికి వచ్చాక బండి చూపించడం, ఒడిశా పన్ను కట్టడం, కొత్త నంబరు, హై సెక్యూరిటీ ప్లేటు. పన్ను బండి వయసుని బట్టి తగ్గుతుంది. ఎంతవుతుందో బేరానికి ముందే కనుక్కుని ధరలో కలుపుకోండి. ఆంధ్రలో కట్టిన లైఫ్ ట్యాక్సులో మిగిలిన కాలానికి లెక్కగట్టి వెనక్కి ఇచ్చే ఏర్పాటు ఉంది. ఒడిశా సి-బుక్కు కాపీతో పాత ఆఫీసులో అడగాలి. అది అమ్మినవాడికా, కొన్నవాడికా అన్నది అమ్మకం కాగితంలోనే రాసుకోండి. 15 ఏళ్లు దాటబోతున్న బండి అయితే రెన్యువల్ ఫీజు కూడా లెక్క వేసుకోవాలి: 2022 ఏప్రిల్ నుంచి అది కారుకి 5,000 రూపాయలు, మోటారు సైకిలుకి 1,000.

ఇన్సూరెన్సు 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్చుకోవాలి. క్లెయిము లేనందుకు వచ్చే తగ్గింపు మనిషిది, బండిది కాదు. అది పాత యజమానితోనే పోతుంది, కాబట్టి తేడా సొమ్ము అడుగుతారు. కొత్త నంబరు వచ్చాక పాలసీలోనూ నంబరు మార్పించండి. ఫాస్టాగ్ కూడా అంతే. అద్దం మీద ఉన్నది పాత యజమాని ఖాతా. ఆయన మూసేస్తేనే మీకు కొత్తది ఇస్తారు, ఎందుకంటే ఒక బండికి ఒకటే ట్యాగు. ఈలోగా ట్యాగు లేకుండా మడపాం టోల్‌గేటు దాటితే ఎక్కువ పడుతుంది. 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే మామూలు టోలుకి ఒకటింబావు రెట్లు.

ఇదంతా ఎందుకని పాతపట్నంలో ఉన్న చుట్టాల చిరునామాతో ఆంధ్ర నంబరే ఉంచుకుని ఇక్కడ తిప్పేవాళ్లు చాలామంది. ఇది మంచిది కాదు. 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచిన బండికి అక్కడి నంబరు తీసుకోవాల్సిందే. బండి ఎప్పుడు సరిహద్దు దాటిందో చూపించడానికి టోల్ రసీదు గానీ, పెట్రోలు బంకు బిల్లు గానీ దాచుకోండి. అమ్మినవాళ్లకి ముప్పు ఇంకా పెద్దది. ప్రమాదం జరిగిన నాటికి రిజిస్టరులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని అని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. బండి అమ్మేసి ఏళ్లు గడిచినా నష్టపరిహారం కేసు పాత యజమాని మెడకి చుట్టుకుంటుంది. రాష్ట్రం బయటివాళ్లకి అమ్మితే 45 రోజుల్లో తెలియజేయాలన్న నిబంధన అమ్మకందారుని కాపాడేదే.

ఒక హెచ్చరిక. చలానా బాకీ ఉందంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) తెరవకండి. అది పరివాహన్ పేరుతో దొంగలు పంపేది. ఫోనులోని మెసేజులన్నీ, బ్యాంకు ఓటీపీలతో సహా, వాళ్లకి చేరిపోతాయి. అసలు పరివాహన్ సైటు చిరునామా చివర గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది. యాప్ కావాలంటే ప్లేస్టోరు నుంచే దించుకోండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి, గంటలు గడిచిన కొద్దీ ఆ డబ్బు ఆపడం కష్టం.

రెండు ప్రభుత్వాలనీ అడిగేది మూడు సంగతులు. ఎన్‌ఓసీ దరఖాస్తులో కొనేవాడి మొబైల్ నంబరు కూడా నమోదు చేసి, మంజూరైనా తిరస్కరించినా ఆయనకీ కబురు వెళ్లేలా చేయాలి; ఇప్పుడు అమ్మినవాడు చెబితే తప్ప తెలియదు. ఆంధ్ర పోలీసుల చలానాలు పరివాహన్ పేజీలోనే కనబడాలి. పర్లాకిమిడి, రాయగడ ఆర్‌టీఓ ఆఫీసుల్లో వేరే రాష్ట్రం బండికి ఏ కాగితాలు కావాలో, ఏ వరసలో పెట్టాలో, పన్ను ఎలా లెక్కిస్తారో ఒడియాతోపాటు తెలుగులో కూడా ఒక బోర్డు మీద రాసి గుమ్మం దగ్గర పెట్టాలి. ఈ మూడోదానికి పెద్ద ఖర్చు లేదు, పైనుంచి ఉత్తర్వు కోసం ఎదురుచూడాల్సిన పనీ లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా