జడత్వం పాఠాన్ని బడి మైదానంలోకి తెచ్చిన కడప వాళ్లందరికీ కృతజ్ఞతలు

కదిలేది అదే వేగంతో తిన్నగా కదులుతూనే, ఆగి ఉన్నది ఆగే ఉండాలని చూసే గుణమే జడత్వం. కారుకు గట్టిగా బ్రేకు పడితే మనం ముందుకు ఎందుకు పడతాం, మలుపులో పక్కకు ఎందుకు ఒరుగుతాం అన్న ఆ పాఠాన్ని నల్లబల్ల మీంచి దించి పిల్లల చేతుల్లో పెట్టడానికి సాయం చేసిన అందరికీ కడప భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల తరఫున నమస్కారాలు. మీరు ఇచ్చిన వస్తువుల వల్ల ఏం తెలిసిందో చెప్పకుండా ఊరికే థ్యాంక్స్ అంటే సరిపోదు. అందుకే ఈ పోస్టు కాస్త పొడవు.

ముందుగా మెకానిక్ అన్నకు. పాత కారులోంచి విప్పిన సీటు, బెల్టు, బెల్టు చుట్టుకునే రీలు ఇవ్వడమే కాదు, రీలుకు ఒక పక్క మూత తీసి లోపలి పని చూపించాడు. అక్కడ చిన్న గుంటలో ఒక ఉక్కు గుండు ఉంటుంది. కారు వేగం ఒక్కసారిగా తగ్గినప్పుడు గుండు మాత్రం పాత వేగంతోనే పోబోయి గుంట అంచు ఎక్కుతుంది. పైనున్న మీటను లేపుతుంది. మీట కొన పళ్లచక్రంలో ఇరుక్కుంటుంది, రీలు ఆగిపోతుంది. మనిషిని ముందుకు తీసుకుపోయే జడత్వమే అతన్ని ఆపే తాళం కూడా వేస్తోందన్నమాట. ఇంత అందమైన ఏర్పాటు దాదాపు ప్రతి కారులో ఉండి కూడా ఎవరి కంటా పడదు. రీలును చేత్తో పక్కకు వంచితే గుండు దొర్లి టక్కున పట్టేయడం పిల్లలు మళ్లీ మళ్లీ చేసి చూశారు.

ఆ రీలులోనే రెండో తాళం ఉంది. బెల్టును చటుక్కున లాగితే పడేది అదే. మెల్లగా లాగితే వస్తూనే ఉంది కాబట్టి బెల్టు పాడైందని చాలామంది అనుకుంటారు. పాడవలేదు, మెల్లగా లాగితే రావాల్సిందే. చటుక్కున లాగినా పట్టకపోతేనే మార్పించాలి. ఒకసారి గట్టి ప్రమాదంలో బరువు మోసిన బెల్టును కూడా మార్చేయాలి, దాని నేత అప్పటికే సాగి ఉంటుంది. అన్న చెప్పిన జాగ్రత్త ఇంకొకటి: రెండో పక్క మూత తీయకూడదు, లోపల చుట్టి ఉన్న స్ప్రింగు ఎగిరి ముఖానికి తగులుతుంది. ఢీకొన్న క్షణంలో బెల్టును లాగి బిగించే రకం రీళ్లలో పేలుడు మందు ఉంటుంది, వాటి జోలికి అసలు పోకూడదు.

పచ్చి బంకమట్టితో అరకిలో బొమ్మలు చేసిచ్చిన కుమ్మరి పెద్దాయనకు ఎంత చెప్పినా తక్కువే. రెండున్నర మీటర్ల పలక, పై కొన 60 సెంటీమీటర్ల ఎత్తు, కింద బండిని ఆపడానికి ఇటుక, బొమ్మను కూర్చోబెట్టి వదలడానికి బేరింగు చక్రాల చెక్కబండి. బండి కిందికి వచ్చేసరికి వేగం గంటకు పది పన్నెండు కిలోమీటర్లు, అంతే. బెల్టు లేని బొమ్మ ఇటుక దాటి పోయి పడింది. దాన్ని ముందుకు తోసినవాళ్లు ఎవరూ లేరు. బండి ఆగింది, బొమ్మ ఆగలేదు. కుట్టుదారంతో కట్టిన బొమ్మ బండిలోనే ఉంది కానీ దారం పొట్టలోకి కోసుకుపోయింది. టైలరు అక్క ఇచ్చిన వెడల్పు నాడాతో కట్టినప్పుడు చిన్న నొక్కు మాత్రమే పడింది. కారు బెల్టు దాదాపు 5 సెంటీమీటర్ల వెడల్పు ఎందుకో, అది పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద, మెడ మీద కాకుండా భుజం, ఛాతీ మీద ఎందుకు ఉండాలో ఆ మట్టి మీద గీతే చెప్పింది. గర్భిణులైతే కింది పట్టీ పొట్ట కింద నుంచి పోవాలి.

లెక్క కూడా వేయించాం. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. కారు ముందుభాగం నలుగుతూ అర మీటరులో ఆగిందనుకుందాం. బెల్టు పెట్టుకున్న 60 కిలోల మనిషి కూడా దాదాపు ఆ అర మీటరులోనే ఆగుతాడు, అతని మీద పడే బలం సగటున 750 కిలోల బరువంత. బెల్టు లేనివాడు అప్పటికే ఆగిపోయిన డాష్‌బోర్డును తాకి 5 సెంటీమీటర్లలో ఆగితే బలం పది రెట్లు, ఏడున్నర టన్నులు. వేగం అదే, మనిషి అదే, ఆగిన దూరమే తేడా. ఒళ్లో కూర్చోబెట్టుకున్న 10 కిలోల పాప ఆ క్షణంలో సుమారు 125 కిలోలు, అంటే రెండున్నర సిమెంటు బస్తాలు. పట్టుకోగలిగే తల్లి లేదు. వెనక సీటువాళ్లు బెల్టు పెట్టుకోకపోతే ముందు సీటువాళ్ల వీపు మీదికే వస్తారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 194బి సెక్షను బెల్టు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అంటుంది. ఈ లెక్క తెలిస్తే జరిమానా భయం అక్కర్లేదు.

మలుపుల సంగతికి డ్రైవర్ అన్నకు, మేస్త్రికి కలిపి చెప్పాలి. గువ్వలచెరువు ఘాట్ మీద బండి తోలే డ్రైవర్ అన్న, మైదానంలో 15 మీటర్ల వ్యాసార్థంతో ముగ్గు గీసిన వలయం మీద వేగం చెదరకుండా కారు తిప్పాడు. గోడ నిలువు చూడ్డానికి మేస్త్రి వాడే దారం గుండును కారు లోపల కోణమానిని ముందు వేలాడదీశాం. 20 కిలోమీటర్ల వేగంలో గుండు నిలువు నుంచి 12 డిగ్రీల దాకా ఒరిగింది, 30లో 25 దాకా పోయింది. వేగం ఒకటిన్నర రెట్లయితే పక్కకు కావాల్సిన బలం రెండుంబావు రెట్లు. ఎడమకు తిరిగినప్పుడు కుడి తలుపు మనల్ని లోపలికి నెడుతుంది. మన ఒళ్లు తిన్నగా పోవాలనే చూస్తుంది కాబట్టి మనమే తలుపు మీద పడ్డట్టు అనిపిస్తుంది.

హీలియం బుడగ తెచ్చిన తమ్ముడికి ప్రత్యేకంగా. వీధుల్లో అమ్మే గ్యాసు బుడగల్లో హైడ్రోజన్ ఉండే ప్రమాదం ఉంది, మూసిన కారులో అది నిప్పుతో చెలగాటం, అందుకే హీలియమే కావాలని పట్టుబట్టాం. బ్రేకు వేస్తే అందరూ ముందుకు, బుడగ మాత్రం వెనక్కి! కారులోని గాలికీ జడత్వం ఉంది. బరువైన గాలి ముందుకు ఒత్తుకుంటుంది, తేలికైన బుడగను వెనక్కి నెడుతుంది.

పలక, బండి, సీటు, రీలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. చుట్టుపక్కల ఏ బడికి కావాలన్నా తీసుకుపోవచ్చు. బొమ్మలు మాత్రం ఏ రోజుకారోజు పచ్చిమట్టితోనే చేసుకోండి, ఎండిన బొమ్మ ముక్కలవుతుంది కానీ దారం కోత కనబడదు.