గ్వాంగ్‌జౌ పూలసంతలో నా బిడ్డను ఆదుకున్న పిన్నికి

మా వాడికి నిన్న సాయంత్రం నుంచి జ్వరం లేదు. మూడు రాత్రులుగా నాకు నిద్ర లేదు, తప్పులుంటే మన్నించండి. నిద్రపోయే ముందే ఇది రాయాలి.

గ్వాంగ్‌జౌలో చైనా కొత్త సంవత్సరానికి ముందు వీధుల్లో పూల సంతలు పెడతారు. 2025 జనవరి 28, పండగ ముందు రాత్రి, నాలుగేళ్ళ పిల్లవాడితో యూయెషియు అనే పేట వైపు సంతకు వెళ్ళాను. వాడి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంటే జనంలో తిరిగినందుకు అనుకున్నాను. ఒక దుకాణం ముందు చిన్న నారింజ చెట్ల కుండీలు చూస్తుండగా నా చేతిలో వాడి చెయ్యి బిగుసుకుపోయింది. కళ్ళు తేలేశాడు.

ఆ దుకాణం ఆవిడకు అరవై ఏళ్ళు ఉండవచ్చు. బల్ల మీది గ్లాడియోలస్ పూల కట్టలన్నీ కిందికి తోసేసి, వాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టింది. నేను నోట్లో వేలు పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. రోజంతా నీళ్ళ బకెట్లలో నాని ముడతలు పడిన చేతులు, గోళ్ళ కింద కాడల పసరు. వాడి నుదుటి మీద నుంచి ఆ చల్లటి చెయ్యి తియ్యలేదు.

“వీడికేమైనా అయితే నేను బతకను” అని వచ్చీరాని చైనీస్‌లో ఏడ్చాను. ఆవిడ వెంటనే “తాయ్ కాట్ లై సీ!” అని గద్దించింది. నోట చెడు మాట వస్తే దాని కీడు పోవడానికి ఇక్కడి కాంటనీస్ భాష మాట్లాడేవాళ్ళు అనే మాట అది. తథాస్తు దేవతలుంటారే అని మా అమ్మమ్మ కసిరినట్టే అనిపించింది.

ఆ రాత్రి దాటితే ఆ పూలు కొనేవాళ్ళుండరు. గంట గంటకూ ధర తగ్గించి అమ్ముకుంటారు, మిగిలినవి పారబోయడమే. పైగా పండగపూట ఆసుపత్రి గడప తొక్కడం అశుభమని ఇక్కడ చాలామంది నమ్ముతారు. అయినా ఆవిడ దుకాణం వదిలి మాతో టాక్సీ ఎక్కింది.

ఆసుపత్రి పేరు రాయను. అక్కడి యంత్రం 18 అంకెల చైనా గుర్తింపు సంఖ్య ఉంటేనే చీటీ ఇస్తుంది, నా పాస్‌పోర్టు నంబరు తీసుకోలేదు. పాస్‌పోర్టుల కిటికీకి పండగ సెలవు. ఐదేళ్ళుగా ఈ ఊళ్ళో పన్ను కడుతున్నాం, బిడ్డ ఫిట్స్‌తో ఒళ్ళో ఉంటే ఏ కిటికీకి వెళ్ళాలో చెప్పే మనిషి లేడు! ఆవిడే లోపలికి వెళ్ళి గొంతు పెంచి ఒక నర్సును తీసుకొచ్చింది. ఇక్కడ ముందు డబ్బు కడితేనే పరీక్ష. నా ఫోను అప్పటికే ఆగిపోయింది. 600 యువాన్లు ఆవిడ తన ఫోనులోంచి కట్టింది.

నగరం మధ్యలో బాణసంచా నిషేధం కాబట్టి పన్నెండు కొట్టినా చప్పుడు లేదు. ఆవిడ జేబులోంచి, పండగకు పిల్లలకు డబ్బు పెట్టి ఇచ్చే ఎర్ర కవరు తీసి నిద్రపోతున్న వాడి పిడికిట్లో పెట్టి “సన్ నిన్ ఫాయ్ లోక్” అంది, కొత్త సంవత్సర శుభాకాంక్షలని. ఆ కవరునూ లై సీ అనే అంటారు. దాన్ని తెరవలేదు, వాడి తలగడ కిందే ఉంది. బాకీ రేపు తీరుస్తానంటే, కొత్త సంవత్సరం మొదటి రోజున బాకీ పుచ్చుకోకూడదని తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది. పేరు అడగలేదు నేను. ఆయీ అని పిలిచాను, అంటే మన పిన్ని. నిన్న సంత చోటికి వెళ్తే పందిళ్ళు తీసేసి, రోడ్డు ఊడ్చేసి ఉంది.

మా వారు హైదరాబాదు నుంచి రెండు విమానాలు మారి వచ్చారు, అమ్మ ఫోనులో రాత్రంతా మేలుకుంది. వాళ్ళకు వేరే చెప్పాలా.

టాక్సీ డ్రైవరుకు, ఆ నర్సుకు ధన్యవాదాలు. పెరుగన్నం పంపిన తొమ్మిదో అంతస్తు తెలుగువాళ్ళకు కూడా. ఇంకా మా అపార్టుమెంటు కాపలాదారు, పిల్లవాడిని పైకి ఎత్తుకొచ్చాడు.

అయ్యో, పక్క దుకాణం అబ్బాయిని మరిచేపోయాను. “మీరు వెళ్ళండి, పూలు నేను చూసుకుంటాను” అని ఆవిడను పంపింది అతనే. ఆ రాత్రి ఆవిడ పూలు ఎన్ని అమ్మగలిగాడో, ఎన్ని మిగిలిపోయాయో.