మొగలాకు చాప

అమ్మలూ,

ఆక్లాండ్‌లో అన్నయ్య వాళ్ల పక్కింటావిడ సొంతూరు వెళ్తూ నన్నూ రమ్మందని ఫోన్లో చెప్పాను కదా. వచ్చి పది రోజులైంది. పసిఫిక్ మహాసముద్రంలో సమోవా అనే దేశం, అందులో సవాయి ద్వీపం. సిగ్నల్ సరిగ్గా లేదు, అందుకే కాగితం మీద రాస్తున్నాను.

ఇక్కడి పాతకాలపు ఇంటిని ఫాలే అంటారు. గోడలుండవు. స్తంభాలు, పైకప్పు, వానొస్తే దించుకునే కొబ్బరాకు తడికలు, అంతే. మొదటి రాత్రి టెన్షన్‌తో నిద్రే పట్టలేదు. ఇప్పుడు పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రావట్లేదు. పొద్దుగూకేవేళ శంఖం ఊదుతారు. దారిలో ఎవరూ నడవరు, ఇంటింటా ప్రార్థన. కాసేపు ఊరంతా గప్‌చుప్. కూర అంటావా, మన చేమదుంపే, కొబ్బరిపాలతో.

అసలు చెప్పాలనుకున్నది చాప గురించి. ఊళ్లో ఆడవాళ్లంతా ఒకచోట చేరి 'ఇయె తోంగా' అనే సన్నటి చాప అల్లుతారు. దానికి వాడే ఆకు మన మొగలిపొదకు చుట్టమే. మనకు మొగలి అంటే జడలో పువ్వు, చేలగట్టున ముళ్లకంచె. వీళ్లకు అదే ఆస్తి. ఆకును ఉడకబెట్టి, సముద్రపు నీళ్లలో నానేసి, ఎండలో తెల్లబడేదాకా ఆరబెట్టి, సేమ్యాలంత సన్నగా చీలుస్తారు. ఒక్క చాపకు నెలలు పడుతుంది, మరీ సన్నదైతే ఏళ్లు. అంచుకు ఎర్రటి ఈకలు కుడతారు. పట్టుకుంటే పట్టుచీరలా జారిపోతోందే!

దాని మీద ఎవరూ పడుకోరు. పెళ్లికి, చావుకు ఇచ్చిపుచ్చుకుంటారు. పెద్ద తప్పు జరిగితే, తప్పు చేసినవాళ్ల తరఫు పెద్ద ఆ చాప కప్పుకుని అవతలివాళ్ల ఇంటి ముందు తలవంచుకు కూర్చుంటాడట. వాళ్లు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. అది విన్నాక నాకు చాలాసేపు మాట రాలేదు. 2019లో యునెస్కో కూడా ఈ చాపను వారసత్వ జాబితాలో చేర్చిందట.

నన్నూ కూర్చోబెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రందాకా అల్లితే నా వంతు బెత్తెడు కూడా రాలేదు. పక్కన కూర్చున్న ముసలావిడ కాలి బొటనవేలితో ఆకు నొక్కిపట్టి, కళ్లు ఎటో పెట్టి అల్లేస్తోంది. అచ్చం అమ్మమ్మ లాగే. అమ్మమ్మ తాటాకు చాపలు అల్లుతుంటే నేను పక్కనే కూర్చుని ఆకులు అందించేదాన్ని, అల్లిక మాత్రం నేర్చుకోలేదు. ఇన్నేళ్లకు ఆ బాధ గొంతుకు అడ్డం పడింది.

మన అటక మీద పాత పరుపుల వెనక అమ్మమ్మ చాప ఒకటి చుట్టి ఉండాలి. ఈ ఆదివారం ఎక్కి చూడు. చెదపట్టకపోతే కాసేపు నీడలో ఆరేసి, గుడ్డలో చుట్టిపెట్టు. నేను వచ్చేదాకా ఎవ్వరికీ ఇవ్వకు.

మీ అమ్మ