కథల పోటీకి చేతిరాత పనికిరాదా?

సంపాదకుల వారికి నమస్కారం.

విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో ఇరవై ఏళ్లుగా డీటీపీ షాపు నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, పిల్లల ప్రాజెక్టు వర్కులు చేస్తుంటాను. డిసెంబరు వచ్చిందంటే మాత్రం కథలు కూడా వస్తాయి. బుక్ ఎగ్జిబిషన్ రోజుల్లో బహుమతులు ఇచ్చేలా ఊళ్లోవాళ్ల కోసం ఒక కథల పోటీ పెడుతున్నారు. దానికి పంపాలని రూళ్ల కాగితాల మీద రాసుకుని తెస్తారు.

పోటీ పెట్టడం చాలా మంచి పని. మన ఊళ్లో పుస్తకాల పండగ 1989 నుంచి జరుగుతోంది. ఇన్నేళ్లూ సంచి పట్టుకుని కొనడానికి వెళ్లినవాళ్లకి ఇప్పుడు రాసేవాళ్లుగా కూడా చోటు దొరికింది. కానీ నిబంధనల్లో ఒకటి చాలామందిని గుమ్మం దగ్గరే ఆపేస్తోంది. కథ యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లో, కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనపడే పద్ధతిలో, టైప్ చేసి ఈమెయిల్ చేయాలట, చేతిరాత ప్రతులు చూడరట.

కిందటి డిసెంబరులో సింగ్ నగర్ నుంచి ఒకావిడ వచ్చారు. ఇంట్లో బట్టలు కుడతారు. లాంగ్ నోట్‌బుక్‌లో పద్నాలుగు పేజీల కథ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి వాళ్ల వీధి మునిగినప్పటి సంగతి. కుట్టు మిషన్‌ని మంచం మీదకి ఎక్కించారు కానీ, కుట్టి పెట్టిన జాకెట్ల మూట తడిసిపోయింది. ఒక్కోదానికి పిన్నుతో గుచ్చిన పేరు చీటీల మీద ఇంకు కారిపోయి, ఏది ఎవరిదో తెలియలేదు. నీళ్లు తీశాక డాబా మీద అన్నీ ఆరేసి, వీధిలో ఆడవాళ్లందర్నీ పిలిచి ఎవరిది వాళ్లని గుర్తుపట్టమన్నారు. ఒక జాకెట్టు కోసం ఎవరూ రాలేదు. కథ అక్కడ ఆగింది. టైప్ చేస్తూ నేనూ ఆగిపోయాను.

నా దగ్గరికి రాకముందే ఆవిడ వేరే షాపులో పేజీకి 40 రూపాయలు ఇచ్చి టైప్ చేయించుకుని, కొడుకు ఫోన్ నుంచి పంపారు. నిర్వాహకులకి అక్షరాలు కనపడలేదు. కారణం మా పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. అచ్చు పనులకి మేము ఎక్కువగా అను ఫాంట్లు వాడతాం. వాటిలో తెలుగు అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే కథంతా పిచ్చిగీతలే. ‘అన్నయ్యా, యూనికోడ్ అంటే ఏంటి? నా కథలో ఏమన్నా తప్పుందా?’ అని అడిగారు. ఆ సాయంత్రమే యూనికోడ్‌లో కొట్టి ఇచ్చాను. గడువు నిన్ననే అయిపోయిందని నిర్వాహకులు అన్నారు.

నిర్వాహకుల ఇబ్బంది నాకు తెలియంది కాదు. న్యాయనిర్ణేతలకి పేర్లు తీసేసిన కాపీలు పంపాలి, అందరి చేతిరాతా చదవడం కష్టం. అయినా ఒకప్పుడు వారపత్రికలు ‘కాగితానికి ఒకవైపే రాయండి, మార్జిన్ వదలండి’ అని మాత్రమే అడిగేవి. పోస్టులో వచ్చిన చేతిరాత కథల్నే చదివి అచ్చేసేవి. గ్రంథాలయోద్యమం నడిచిన నేల ఇది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడిలో పడవలో పుస్తకాలు పెట్టి, కాలువ మీద ఊళ్లకి పంపారు. చదివేవాళ్ల దగ్గరికి పుస్తకాన్నే తీసుకెళ్లిన చోట, రాసేవాళ్ల దగ్గర ఒక కాగితం తీసుకోలేమా?

ఊళ్లోని శాఖా గ్రంథాలయాల్లో చేతిరాత కథలు తీసుకోమని అడగొచ్చు. టైప్ చేయడానికి తెలుగు చదివే కాలేజీ పిల్లలు చాలామంది ముందుకొస్తారు. చేతిరాత కథలకి గడువు పది రోజుల ముందే పెడితే ఆ పనికి టైమ్ సరిపోతుంది. టైప్ చేశాక ఒకసారి రాసినవాళ్లకి చూపించాలి, ఇది మర్చిపోకూడదు. వాళ్ల మాండలికం మాటని తప్పనుకుని ‘సరిచేసే’ అలవాటు మా టైపిస్టుల్లో చాలామందికి ఉంది.

నా వంతుగా ఈసారి ఇరవై కథలు డబ్బులు తీసుకోకుండా టైప్ చేసి ఇస్తాను. సింగ్ నగర్ ఆవిడ కథ ఫైలు నా కంప్యూటర్లో అలాగే ఉంది. వచ్చే పోటీ ప్రకటనలో ‘చేతిరాత ప్రతులు కూడా స్వీకరిస్తాం’ అని ఒక్క వాక్యం చేర్చమని నిర్వాహకులకి మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
విజయవాడ