మా నెఫ్రాలజిస్టు గారికి, టీమ్ అందరికీ కృతజ్ఞతలు

నాకు కిడ్నీ మార్పిడి జరిగి ఏడాది దాటింది. ఆరోగ్యంగా ఉన్నాను. కిడ్నీ ఇచ్చింది మా అక్క. ఆ రుణం తీరేది కాదు. ఈ పోస్టు మాత్రం మా కిడ్నీ డాక్టరమ్మ గారికీ, ఆవిడతో కలిసి పనిచేసిన వాళ్లకీ.

ట్రాన్స్‌ప్లాంట్ అనగానే అందరికీ సర్జనే గుర్తొస్తారు. మా సర్జన్ గారిది నిజంగా మంచి హస్తవాసి. కానీ ఆ కొన్ని గంటలకు ముందూ, ఆ తర్వాతా నా భారమంతా మోసింది నెఫ్రాలజిస్టు గారే. డయాలసిస్ రోజుల్లోనే గుండె పరీక్షలు చేయించారు. మార్పిడి తర్వాత కొన్ని టీకాలు వేయకూడదని, వేయాల్సినవన్నీ ముందే వేయించారు. అక్క కణాల మీద దాడి చేసే యాంటీబాడీలు నా రక్తంలో ఉన్నాయేమోనని క్రాస్‌మ్యాచ్ చేయించారు.

అక్కను చూసింది మాత్రం వేరే డాక్టరు గారు. దాత మంచి చెడ్డలు చూడ్డానికి విడిగా ఒకరుండాలట. ఆయన అక్కను ఒంటరిగా కూర్చోబెట్టి, "ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పమ్మా. నువ్వు దాతగా సరిపోవని మాత్రమే ఇంట్లో చెబుతాం" అన్నారట. ఈ మాట అక్క నాకు చాలా రోజుల తర్వాత చెప్పింది. ఆయనకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఇంటికొచ్చాక ఒకసారి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడకట్టకపోతే పెరిగే వ్యర్థం) 1.2 నుంచి 1.9కి పెరిగింది. నాకు ఏ బాధా లేదు, జ్వరం కూడా లేదు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. మేడమ్ ముందు స్కాన్ చేయించారు. మూత్రనాళంలో అడ్డు లేదు, రక్త ప్రసరణ బాగుంది. ఇక మిగిలినవి ముఖ్యంగా రెండు అనుమానాలని వివరంగా చెప్పారు. శరీరం కొత్త కిడ్నీని తిరస్కరిస్తున్నా క్రియాటినిన్ పెరుగుతుంది, తిరస్కరణ రాకుండా వేసుకునే టాక్రోలిమస్ మందు ఎక్కువై కిడ్నీని దెబ్బతీస్తున్నా పెరుగుతుంది. మొదటిదైతే మందు పెంచాలి, రెండోదైతే తగ్గించాలి. ఊహతో వైద్యం చేయలేమంటూ సర్జన్ గారితో మాట్లాడి బయాప్సీ చేయించారు. కొత్త కిడ్నీ పొత్తికడుపులో పైకే ఉంటుంది కాబట్టి, మత్తు సూది ఇచ్చి స్కాన్‌లో చూస్తూ చిన్న ముక్క తీశారు. తిరస్కరణ మొదలైందని తేలింది. వెంటనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. క్రియాటినిన్ మళ్లీ 1.3కి దిగింది.

ఆ ముక్కను మైక్రోస్కోపులో చూసిన పాథాలజిస్టు ఎవరో నాకు తెలియదు. వారికి నా నమస్కారాలు. ఆపరేషనైన రాత్రి గంటగంటకీ మూత్రం కొలిచి, దాన్నిబట్టి సెలైన్ సరిచేసిన నర్సులకీ, టాక్రోలిమస్ లెవెల్ చూసే రోజు రక్తం ఇచ్చాకే పొద్దుటి మాత్ర వేసుకోవాలని ఓపిగ్గా చెప్పిన ఫార్మసిస్టుకీ, ఎప్పుడు ఫోన్ చేసినా విసుక్కోకుండా మాట్లాడిన కోఆర్డినేటర్‌కీ ఎంతో రుణపడి ఉన్నాను.

మేడమ్, మీరు నా రిపోర్టులతో పాటు నా భయాన్ని కూడా చూశారు. ఇప్పటికీ నేను వచ్చినప్పుడల్లా ముందు అక్క బీపీ ఎలా ఉందని అడుగుతారు. మీకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు.